గుర్రం వీపు మీద కొత్త గుడ్డ

మా పెళ్లినాటికి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. వరంగల్‌లో బట్టకు కరువు. మాది బట్టల దుకాణం కాబట్టి మాకా కరువు లేదు. ఆ సంగతి ఊరంతా తెలియాలని మా నాయన కోరిక. అందుకే నేను గుర్రమెక్కే పెళ్లికి పోవాలన్నాడు. అప్పటిదాకా నేనెక్కింది సైకిలు ఒక్కటే, అది కూడా రెండుసార్లు పడ్డాక మానేశాను.

గుర్రం తెచ్చింది మా వీధి చివర ఉండే టాంగా చాచా. మామూలు రోజుల్లో స్టేషన్ నుంచి హనుమకొండకు గుర్రబ్బండి తోలేవాడు. పెళ్లిళ్ల కాలంలో అదే ఆడగుర్రాన్ని బండి నుంచి విప్పి, మెడలో పూసలు వేసి కిరాయికిచ్చేవాడు. పెళ్లినాడు మా వాకిట్లో జీను దించి దాని ఒళ్లు తుడుస్తుంటే చూశాను. వెన్ను మీద తమలపాకంత మేర తోలు లేచిపోయి, పచ్చిగా ఉంది. పైన పసుపు అద్దాడు.

“చాచా, గిదేంది?” అన్నాను.

“బండి కట్టీ కట్టీ ఒరుసుకపోయింది చిన్న సేట్. జర మెత్తటి పాత గుడ్డ ఉంటే ఇయ్యి బేటా. అమ్మ కట్టి ఇడిచిన చీరైనా సరే. మడతబెట్టి జీను కింద ఏస్తే దానికి నొప్పుండది.”

లోపలికి వెళ్లి అడిగాను. మా పెద్దమ్మ చేతిలో పసుపు గిన్నెతో అక్కడే ఆగిపోయింది. “పెండ్లికొడుకు కూసునే కాడ పాత గుడ్డనా? నీకేమన్న బుద్ధున్నదారా?” అంది. మా నాయన నవ్వాడు. “బట్టల దుకాణపోళ్ల పెండ్లిల పాత గుడ్డ ఏస్తే నలుగురు నవ్వరా? తానుల నుంచి కొత్తది చింపియ్యి.”

నేనే చింపాను. కోరా గుడ్డ, గంజి ఎంత దట్టంగా ఉందంటే నిలబెడితే నిలబడుతుంది. నాలుగు మడతలు పెట్టి ఇచ్చాను. చాచా దాన్ని వేళ్లతో నలిపి చూశాడు. మా నాయన వైపు ఒకసారి చూసి, జీను కింద వేశాడు. నేను మాత్రం పుణ్యం చేశాననుకున్నాను. దుకాణంలో పుట్టి పెరిగినవాణ్ణి, ఏ గుడ్డ ఒంటికి గీరుకుంటుందో నాకు తెలియదా? తెలుసు. కానీ అదంతా మనిషి ఒంటికే అనుకున్నాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, ఆ రోకలి నేనే అందించాను.

ఆడపెళ్లివారిల్లు మైలు దూరం. వైశాఖం ఎండ, ముందు బ్యాండు, కింద కాలే రోడ్డు. సగం దారి నడిచేసరికి నా కింద దాని ఒళ్లు వణకడం తెలిసింది. అడుగు వేసినప్పుడల్లా వీపు కిందికి దించుకునేది, నా బరువు నుంచి తప్పించుకోవాలని. ఒక మలుపులో ఆగిపోయింది. ఎవరో వెనక నుంచి కట్టెతో పొడిచారు.

పక్కనే నడుస్తున్న మా మేనమామతో, “మామా, నేను దిగుతా. నడిచి వస్తా,” అన్నాను.

“గుర్రమెక్కినోడు నడిమిట్ల దిగుతె పిల్లకు మంచిది కాదురా. సప్పుడు చేయక కూసో!”

కూర్చున్నాను. అప్పటికి నేనా పిల్ల ముఖం ఒకసారే చూశాను. ఆ పిల్ల మంచి కోసమే కూర్చున్నానని చెప్పుకుంటే బాగానే ఉంటుంది. నిజం అది కాదు. అంతమంది ముందు దిగడానికి నాకు సిగ్గేసింది.

దిగాక చాచా జీను తీశాడు. గుడ్డ రాలేదు, పుండుకు అతుక్కుపోయింది. లాగితే తోలుతో సహా వచ్చింది. ఆ నోరులేనిది అరవలేదు, మెడ మాత్రం ముందుకు చాచింది. హారతి పళ్లెం నా ముఖం ముందు తిరుగుతుంటే దాని పక్క నుంచి అదంతా చూశాను.

పదహారు రోజుల పండుగ అయ్యాక చాచా ఇంటికి వెళ్లాను. పుండు అరచేయి దాటింది, ఈగలు ముసురుతున్నాయి.

“పశువుల దవాఖానల రెండు నెలలు జీను ఎయ్యద్దన్నరు,” అన్నాడు. “కట్టేసి కూసుంటే అదేం తింటది, మేమేం తింటం బేటా?”

అతని గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంత తేలికయ్యేది. ఆ రెండు నెలలూ గుర్రాన్ని మా పెరట్లో కట్టేసుకుని మేపుదాం, చాచా ఇంటి ఖర్చూ చూద్దాం అని మా నాయనను అడిగాను.

“పెండ్లిల ఎక్కినవని సాదాల్నా? రేపు బ్యాండోళ్ల పెదవులు పగిలినయంటవు.”

మళ్లీ అడగలేదు. టాంగాలు ఆగే స్టేషన్ రోడ్డు వదిలి చుట్టూ తిరిగిపోవడం నేర్చుకున్నాను.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం, కేసముద్రంలో చుట్టాలింటి నుంచి వచ్చి నేనూ నా భార్యా రైలు దిగాం. కుండపోత. స్టేషన్ బయట ఒక్క టాంగానే మిగిలింది, చాచాది. గుర్రం పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. జీను అంచు కింద నల్లగా పుండు, వాన నీళ్లు దాని మీదుగా కారుతున్నాయి. నడిచిపోవచ్చు. కానీ నా భార్య పట్టుచీర కట్టుకుంది, నా చేతిలో ట్రంకుపెట్టె ఉంది.

“ఎక్కు చిన్న సేట్,” అన్నాడు చాచా. ఎక్కాం.

రోడ్డు ఎత్తెక్కే చోట గుర్రం ముందుకాళ్లు జారి మోకాళ్ల మీద పడింది. నా భార్య తొంగి చూసి, “గిది మన పెండ్లి గుర్రమే గదా?” అంది.

“కాదు,” అన్నాను.

చాచా విన్నాడు. వెనక్కి తిరగలేదు. కొరడా ఝళిపించాడు, అది లేచి నడిచింది.