టెంపరేచర్ ముల్లు కిందికి దిగినప్పుడు

2022 మే నెల. తిరుపతి నుంచి చంద్రగిరికి పోయే రోడ్డు పక్కన నా వర్క్‌షాపు. అప్పటికి పాతికేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఇంజిన్ పనీ, వైరింగ్ పనీ రెండూ చూస్తాను కనుక, వేరేచోట తేలని జబ్బులతో కార్లు నా దగ్గరికి వస్తుంటాయి.

ఒక ఉదయం సుగుణ అనే టీచరు తన పాత డీజిల్ కారు తీసుకొచ్చారు. పీలేరు దగ్గర పల్లెలో ఉద్యోగం. వాళ్ల నాయనకు తిరుపతిలో గుండె ఆపరేషన్ అయింది, ఆ మధ్యాహ్నమే డిశ్చార్జి. ఆయన్ని ఇంటికి తీసుకుపోవాలంటే భాకరాపేట ఘాట్ ఎక్కాలి. తాళంచెవి నా చేతిలో పెట్టి చెప్పారు.

"ముల్లు ఉన్నట్టుండి ఎర్రగీత దాకా ఎగురుతాండాదన్నా. మళ్లీ దానంతటదే దిగుతాది. ఇంజిన్ పోతాదని ఒకరన్నారు, మీటరే తప్పని ఇంకొకరన్నారు. నాయన్ను పెట్టుకోని ఘాట్‌లో నిలిచిపోతే నేనేం చేసేది?"

డ్యాష్‌బోర్డులో కనిపించే ఆ ముల్లును టెంపరేచర్ గేజ్ అంటాం. ఇంజిన్ చుట్టూ తిరిగే కూలెంట్‌లో, అంటే రంగు కలిపిన నీళ్లలో, చిన్న సెన్సర్ మునిగి ఉంటుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ దాని గుండా కరెంటు సులువుగా పారి ముల్లు పైకి లేస్తుంది. ఆ సెన్సర్ వైరు పైతోలు ఊడి కారు బాడీకి తగిలినా ముల్లు అలాగే లేస్తుంది. మీటరుకు తేడా తెలియదు.

ఇంజిన్ ఆపి గంటకు పైగా చల్లారనిచ్చాను. తర్వాత స్టార్ట్ చేయకుండా తాళం ఒక్కటే తిప్పాను. ముల్లు ఎర్రగీతకు ఎగిరింది. చల్లారిన ఇంజిన్ క్షణంలో ఉడకదు కదా. వైర్ల కట్ట వెంట చెయ్యి పోనిస్తే, ఒకచోట సెన్సర్ వైరు ఇనుప అంచుకు రాసుకుని రాగి బయటపడి ఉంది. దానికి కొత్త తొడుగు వేసి కట్టాను. ఇంజిన్ ఇరవై నిమిషాలు నడిపి, దూరం నుంచే వేడి చూపించే గన్‌తో చూశాను. గన్ చెప్పిందీ ముల్లు చెప్పిందీ సరిపోయాయి. కూలెంట్ సీసా వైపు ఒక చూపు చూశాను. నీళ్లు గీత దాకా ఉన్నట్టే కనిపించాయి. ఇద్దరికి తేలనిది నాకు తేలిందన్న సంతోషంలో ఉన్నాను.

"మీటరే తప్పు చూపించినాది టీచరమ్మా. ఇంజిన్‌కేం లేదు. ఇంక ముల్లు ఎట్ల కదిలినా భయపడాకండి."

ఆమె ముఖం తేటపడింది. ఆస్పత్రికి బయలుదేరి వెళ్లారు.

రెండు గంటలకు ఇంకో కారును లోపలికి తెస్తుంటే నేల మీద అరచేతంత తడి కనిపించింది. ఏసీ నీళ్లనుకుని వేలితో తాకాను. జారుడుగా ఉంది. వేలు ఆకుపచ్చగా అయింది. అది కూలెంట్. ఆమె కారు నిలిచిన చోట, సరిగ్గా వాటర్ పంప్ ఉండే వైపు. ఇంజిన్‌లో నీళ్లను తిప్పేది ఆ పంపే. సీసాను బయటి నుంచి చూశానే గాని మూత తీయలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఏళ్ల తరబడి మరకపట్టిన ఆ సీసాలో నేను చూసిన గీత నీళ్లదో, మరకదో నాకే తెలియలేదు.

 నీళ్లు కారిపోతే సెన్సర్ గాలిలో మిగులుతుంది. ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు కిందికి దిగుతుంది. ఆమె దాన్ని చూసి, అంతా బాగుందనుకుని ఇంకా తొక్కుతుంది. ముల్లు ఎట్ల కదిలినా భయపడొద్దని చెప్పి పంపింది నేను.

ఫోన్ చేశాను. అందుబాటులో లేదు. మళ్లీ చేశాను. అదే మాట. ఘాట్ అడవిలో సిగ్నల్ ఉండదు. బైకు తీశాను. ఆ ఎండలో చంద్రగిరి ఎలా దాటానో నాకు జ్ఞాపకం లేదు. ప్రతి మలుపుకూ ముందు పొగ కనిపిస్తుందేమో, లోయ వైపు జనం గుమిగూడి ఉంటారేమో అని చూస్తూ ఎక్కాను. ఎదురుగా అంబులెన్స్ ఒకటి దిగి వస్తే, బైకు నెమ్మది చేసి దాని లోపలికి తొంగిచూశాను.

ఘాట్ సగం ఎక్కాక కారు కనిపించింది. బానెట్ లేచి ఉంది. టీచరు చున్నీ కొంగు చేతికి చుట్టుకుని, ఆ చేతిని రేడియేటర్ మూత మీద పెట్టి ఉంది. తిప్పిందంటే లోపలి ఆవిరి ముఖాన కొడుతుంది. నేను బైకు పడేసి అరిచాను.

"చెయ్యి తియ్యమ్మా. దాన్ని తాకాకు."

ఆమె ఉలిక్కిపడి చెయ్యి తీసింది. నేను పరుగున పోయి మూతకూ ఆమెకూ మధ్య నిలబడ్డాను.

వాళ్ల నాయన చెట్టు నీడలో, కుట్లు కదలకుండా దిండును రొమ్ముకు అదుముకుని కూర్చున్నాడు. కారు ఆపించింది ఆయనే. ఎక్కుడులో ముల్లు అడుగుకు పడిపోతే, మెకానిక్ చెప్పినట్టే ఉందని కూతురు నిశ్చింతగా నడుపుతోందట. ఆయన మాత్రం నలభై ఏళ్లు బెల్లం వండిన మనిషి. పాకం కాగే వాసన వస్తోందన్నాడు. ఏం లేదు నాయనా అని ఆమె రెండుసార్లు అన్నా వినలేదు. అడవిలో బెల్లం ఎవరు వండుతారని అడిగాడట. వేడికి ఆవిరైపోయే కూలెంట్ అచ్చం అలాగే తియ్యగా వాసన వేస్తుంది.

జరిగిందంతా చెప్పాను. సీసా మూత తీయకపోవడం నా తప్పేనన్నాను.  ఆమె మెల్లగా అడిగింది.

"నాయనకు వాసన తెలీకపోయింటే?"

 పెద్దాయనే అందుకున్నాడు. "వాసన తగల్లేదంటే నేనూ నీ మాటే నమ్ముకోని కూసునుందునప్పా," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. అది నాకు ఇంకా కష్టమనిపించింది.

పీలేరు పోయే ఒక కుటుంబం కారు ఆపి, తండ్రీకూతుళ్లను అందులో ఎక్కించాను. సాయంత్రం దాకా నేను కారు దగ్గరే ఉండి, లారీ మీద వర్క్‌షాపుకు చేర్చాను. విప్పి చూస్తే వాటర్ పంప్ సీల్ అరిగిపోయి ఉంది. సమతలం మీద చుక్క చుక్కగా కారింది, ఎక్కుడులో ధారగా కారిపోయింది. సీసాలో చుక్క నీరు లేదు. నేను చూసింది మరకే. ఇంకో రెండు మలుపులు తొక్కి ఉంటే ఇంజిన్ పట్టేసి, కారు ఘాట్ మధ్యలో నిలిచిపోయేది.

మీటరు తప్పా అని ఆమె అడిగింది. దానికి నేను చెప్పిన జవాబు సరైనదే. కాని ఇంజిన్ బాగుందా అన్నది వేరే ప్రశ్న. దానికీ అదే జవాబు చాలుననుకున్నాను. ఒక కారులో రెండు జబ్బులు ఉండవచ్చని, మొదటిది దొరికిన సంతోషం రెండోదాన్ని కప్పేస్తుందని ఆ రోజు తెలిసింది. అంతకు ముందు రోజుల్లో ఆమె భయమే ఆమెకు కాపలాగా ఉంది. ముల్లు లేచినప్పుడల్లా కారు ఆపుకుంటూ వచ్చింది. ఆ కాపలాను తీసేసింది నేను.

ఇప్పుడు ఏ కారు అయినా పని ముగిశాక ఎక్కుడు రోడ్డు మీద తిప్పి తెచ్చి, కింద అట్టముక్క పరిచి, చుక్క పడుతుందేమో ఓనర్‌ను పక్కన నిలబెట్టుకుని చూస్తాను. భయపడొద్దనే మాట మానేశాను. ఏమేం చూశానో చెబుతాను. చూడనిదాన్ని చూడలేదనే చెబుతాను.