సెట్టు మీదేనా అండీ

రేడియోవాళ్ళు శ్రోతలను అడిగి కార్యక్రమాలు వేస్తారని గ్రంథాలయంలో పత్రికలో చదివి, ఆ పని మీద రేడియో పెద్దమనిషి ఏలూరు వస్తే సంబరపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఎవరు నోరు తెరిచినా ఆయన మెత్తగా, "సెట్టు మీదేనా అండీ?" అనేవాడు. రేడియో సెట్టు సొంతంగా ఉన్నవాళ్ళే ఆయన లెక్కలో శ్రోతలు.

షావుకారుగారి అరుగు దగ్గర నిలబడి రోజూ రేడియో వినే, చేపలమ్మే అవ్వ ఆయన్ని అడిగింది.

"గాలివాన కబురు తెలుగులో చెప్పించండి బాబూ, మావోడు కొల్లేట్లో దోనె మీద తిరుగుతాడు."

"సెట్టు మీదేనా అండీ?" అని, జవాబు వినకుండానే లోపలికి వెళ్ళాడు. రేడియో పెట్టుకుని నిద్రపోయే షావుకారుగారు వీణ కావాలన్నారు. వీణే పెంచారు.

ఆ కార్తీకంలో గాలివాన కబురు ఇంగ్లీషులో వచ్చింది, వెంటనే వీణ మొదలైంది. అవ్వ కొడుకు తిరిగి రాలేదు.

మరుసటేడు ఆయన మళ్ళీ వచ్చాడు. అవ్వ గంప దించకుండానే చెప్పింది.

"సెట్టు మాది కాదండీ. మునిగిన దోనె మాదండీ."