కౌసల్య చూపు కుదిరిన ఏడాది

కౌసల్యది రేపల్లె. అమ్మానాన్నలు లేరు, పెంచిన మేనత్త కూడా పోయింది. సినిమాల్లో చిన్నపిల్లలకు డబ్బింగ్ చెబుతూ, హైదరాబాద్ కృష్ణానగర్‌లో రాజమ్మ ఇంట్లో చిన్న గదిలో ఉండేది. రాజమ్మ మెదక్ వైపు మనిషి, పిల్లలు లేని విధవరాలు.

తొంభై రెండులో వానలు మొదలయ్యాక కౌసల్యకు సాయంత్రమైతే జ్వరం, తలనొప్పి. మాత్ర వేసుకుంటే తగ్గేది, మళ్లీ వచ్చేది. ఒకరోజు ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్‌లో తెర మీది పాపకు రెండు మొహాలు కనిపించాయి. ఏ పెదాలకు మాట కలపాలో తెలియక మైకు ముందు బిగుసుకుపోయింది. ఇంటికొచ్చి వాంతి చేసుకుంది. మర్నాడు పొద్దున రాజమ్మ చెయ్యి పట్టుకుని, పోయిన మేనత్త అనుకుని, "అత్తయ్యా, రైలెళ్లిపోతోంది" అంది.

"గాలి సోకింది. తాయెత్తు కట్టియ్యి" అంది పక్కింటి మల్లమ్మ.

"తాయెత్తు తర్వాత సూద్దాం" అని రాజమ్మ ఆటో పిలిచింది.

బంజారాహిల్స్ ఆసుపత్రిలో డాక్టర్ శారదాదేవి కౌసల్యను పడుకోబెట్టి తలను మెల్లగా పైకి ఎత్తబోయింది. మెడ వంగలేదు. ఒక కన్ను పక్కకు తిరగడం లేదు. స్కాన్ తీయించాక, వెన్నులోంచి కొంచెం నీరు తీసి చూడాలంది.

"వద్దండీ, కాళ్లు పడిపోతాయి" కౌసల్య ఏడ్చేసింది.

"పడిపోవమ్మా. ఆ నీరు చూస్తేగానీ జబ్బు తేలదు."

రాజమ్మ మంచానికి అవతలి వైపు వచ్చి నిలబడింది. "మోకాళ్లు కడుపుకాడికి ముడుచుకో బిడ్డా. నా చెయ్యి పట్టుకో. నొచ్చితే గట్టిగ పిసుకు, నాకేం కాదు."

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. "మెదడు పొరలకు క్షయ పట్టినట్టుంది" అంది డాక్టర్.

"క్షయ ఏంది? పిల్లకు దగ్గు సుత లేదు గదమ్మా!"

"రక్తంలో కలిసి మెదడుకూ పోతుందమ్మా. ఆ నీటిలో క్రిమి పెరిగి కనబడటానికి వారాలు పడుతుంది. అందాకా ఆగితే పిల్ల దక్కదు. ఇవాళే మందులు మొదలుపెడతాను. మధ్యలో మాత్రం ఆపకూడదు."

గుప్పెడు మాత్రలు, రోజూ ఇంజెక్షను. మెదడు వాపు తగ్గించే మందుకు కౌసల్య మొహం ఉబ్బింది. తెలివి వచ్చింది, రెండుగా కనిపించడం మెల్లగా పోయింది. కానీ చెవుల్లో హోరు మొదలైంది. డాక్టర్ వెంటనే ఇంజెక్షను మాన్పించి మందు మార్చినా ఎడమ చెవి మందగించింది.

"చెవి లేకపోతే నేనెందుకు పనికొస్తాను?" అని కౌసల్య గోడవైపు తిరిగి పడుకుంది.

రాజమ్మ ఆమె జుట్టు చిక్కు తీస్తూ, "ఇంకోటి మంచిగనే ఉంది గద. గా చెవుల జెప్త, ఇను. బువ్వ తిను" అంది. కౌసల్యకు నవ్వొచ్చింది.

కుడి చెవికే హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆమె మళ్లీ పనిలోకి వెళ్లింది. మొదట గుంపులో గొంతుగా, తర్వాత పూర్తి పాత్రలకు.

ఏడాది దాటాక శారదాదేవి మందులు ఆపేసింది. "తలనొప్పి, జ్వరం మళ్లీ వస్తే మాత్రం వెంటనే రండి."

బయటికొచ్చి, "నడిచిపోదాం రాజమ్మగారూ" అంది కౌసల్య. జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కేసరికి కాళ్లు పీకాయి. ఇద్దరూ దారి పక్క బండ మీద కూర్చున్నారు. రాజమ్మ బండివాడి దగ్గర జామకాయలు కొని, కొంగుతో తుడిచి ఒకటి ఇచ్చింది. దోరగా ఉంది. ఉప్పూకారం అద్దుకుని, కబుర్లు చెప్పుకుంటూ తీరిగ్గా తిన్నారు.