పైఅద్దం మీద చెయ్యి

దొంగలు పడ్డ ఏ ఇంటికెళ్లినా పోలీసుల్లో వేలిముద్రలు తీసే కువహారా గుమ్మంలో బూట్లు విప్పి, నడుం వంచి, "మీ ఇల్లు మురికి చేస్తాను, మన్నించాలి" అంటాడు. యాభై దాటిన మనిషి. కూర్చుంటే మోకాళ్లు పటుక్కుమంటాయి. గోళ్ల సందున ఇరుక్కున్న వెండిరంగు పొడి ఎన్ని స్నానాలు చేసినా వదలదు. ఆ పొడి కుంచెతో అద్ది, తేలిన ముద్రల్ని టేపు మీదికి ఎత్తుకున్నాక, సంచిలోంచి సొంత గుడ్డ తీసి ఇల్లంతా తుడిచి మరీ కదులుతాడు. అది అతని ఉద్యోగంలో లేని పని. మొన్న ఇయిదా ఊళ్లో, వడ్రంగి భర్తను పోగొట్టుకున్న ముసలావిడ షిజుఎ ఇంట్లోనూ అలాగే గుడ్డ తీశాడు. అల్మరా పైఅద్దం మీద పొడికి ఒక అరచెయ్యి తేలి ఉంది, చూపుడువేలు సగమే. తుడవబోతుంటే ముసలమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

"ఉండనీ నాయనా. ఆ వేలు రంపానికి పోయింది. మనిషి పోయి మూడేళ్లు. ఆ ఎత్తు నాకు అందదు, అందుకే ఎప్పుడూ తుడవలేదు."

కువహారా గుడ్డ మడిచి సంచిలో పెట్టుకున్నాడు. కాసేపు ఇద్దరూ ఆ చేతినే చూశారు.

"దొంగ దొరికితే కబురు చేస్తానమ్మా" అన్నాడు బూట్లు తొడుక్కుంటూ.

"ముందు వాణ్ణి నాలుగు తిట్టు" అంది షిజుఎ. "తర్వాత, వాడికే నా దణ్ణాలు చెప్పు."