మా బాపు పట్టిన ఉపవాసాలు

మందైనా మొక్కైనా మండలం పట్టాలి, అంటే నలభై రోజులు నిష్ఠగా సాగాలి అని మా బాపు వామన్‌రావు సిద్ధాంతం. ఒక్కరోజు తగ్గినా ఆయన దృష్టిలో అది పని కాదు. రెవెన్యూ దఫ్తరులో గుమాస్తా, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి.

1957లో ఆయన మెడ మీద సెగగడ్డ లేచింది. శాలిబండలో డాక్టరు సదాశివ అయిదు రోజులకని కొత్తరకం గొట్టం మాత్రలు రాసిచ్చాడు. గడ్డ మూడోరోజుకే తగ్గింది. బాపు అదే చీటీ చూపించి మందుల దుకాణంలో మళ్లీ మళ్లీ తెచ్చుకుని నలభై రోజులూ మింగాడు. ఆఖరి రోజున కొబ్బరికాయ కూడా కొట్టాడు. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది, ఒళ్లూ మండుతుంది.

ఆ వారంలోనే ఆయనకు ఏది మింగినా ఛాతీలో మంట మొదలైంది. ముద్ద దిగేది కాదు. మా తాతయ్య గొంతులో రాచపుండు, అంటే క్యాన్సర్, లేచి, ఇలాగే మెతుకు దిగక పోయాడు. తనకూ అదే వచ్చిందని బాపు నిశ్చయించుకుని, ఆ సంగతి మాకు తెలియనివ్వకుండా ఉపవాసాలు పట్టాడు. సోమవారం శివుడికి, గురువారం దత్తాత్రేయుడికి, శనివారం వేంకటేశ్వరుడికి, మధ్యలో ఏకాదశి. మిగిలిన రోజుల్లో ఒంట్లో వేడి చేసిందని మజ్జిగ. ఇరుగుపొరుగు ఆయన భక్తికి దండం పెట్టారు. ఆయన ఒక్కగానొక్క కూతుర్ని, పద్నాలుగేళ్ల మొద్దును, నేనూ మురిసిపోయాను.

మా ఇళ్లల్లో భర్త తిన్నాకే భార్య తినేది. ఆయనకు ఉపవాసమంటే మా అమ్మ లక్ష్మీకాంతమ్మకూ ఉపవాసమే, ఆయన మజ్జిగ తాగితే ఆమెకూ మజ్జిగే. ఈ సంగతి బాపుకు తట్టనేలేదు. తాను చెయ్యి కడుక్కుని లేచాక వంటింట్లో ఏం జరుగుతుందో ఆయన ఏనాడూ చూసి ఎరగడు.

నెలన్నర ఇలా గడిచాక, శ్రావణంలో గాజులకని ముగ్గురం లాడ్ బజార్ వెళ్లాం. గాజుల భాయ్ ఎప్పుడూ అమ్మ చేతికి సబ్బు రాసి, నొక్కి నొక్కి ఎక్కించేవాడు. ఆరోజు అదే కొలత గాజులు మోచేతి దాకా జారిపోయాయి. అతను బాపు వైపు చూశాడు.

"క్యా సాబ్, అమ్మకు తిండి పెడ్తలేరా?"

బాపు అమ్మ చిక్కిపోయిన చేతిని అప్పుడే చూశాడు. దుకాణం మెట్టు మీదే కూలబడ్డాడు.

"నువ్వెందుకు తింటలేవే?" అని అడిగాడు అమ్మను.

"మీరు తింటలేరు గద," అంది అమ్మ.

అప్పుడు చెప్పాడు, బజారులో అందరి ముందూ ఏడుస్తూ. "నాయనకొచ్చిందే నాకొచ్చింది కాంతం. మెతుకు దిగుతలేదు. నీకు చెప్పనీకి ధైర్యం చాల్లేదు."

అమ్మ గాజులు తీసి పక్కన పెట్టి, ఆయన్ను నేరుగా సదాశివ దగ్గరికి నడిపించింది. డాక్టరు నోట్లోకి దీపం వేసి చూస్తే, గొంతులో విరిగిన పాలలాంటి తెల్లటి పొర ఉంది. కాస్త గీకి మైక్రోస్కోపు కింద పెట్టి, రాచపుండు కాదు, బూజు పట్టిందన్నాడు. అది అన్నవాహికలోకీ పాకి ఉంటుందట. ఇంత గట్టి మనిషికి ఎలా వచ్చిందని ఆరా తీస్తే నలభై రోజుల కథ బయటపడింది. ఆ మాత్రలు చెడ్డ క్రిములతో పాటు బూజును అదుపులో పెట్టే మంచి క్రిములనూ చంపేశాయని ఆయన బాపుకు బాగా చీవాట్లు పెట్టాడు. కొత్త మందు రాసి, పద్నాలుగు రోజులంటే పద్నాలుగే అన్నాడు.

పదోరోజుకు మంట పోయింది. ఆ మధ్యాహ్నం అమ్మ మెత్తటి అన్నంలో పెసరపప్పు వడ్డించి, అలవాటుగా గోడ పక్కన నిలబడింది. బాపు విస్తరి ముందు కూర్చున్నాడు కానీ చెయ్యి వేయలేదు. లేచి, తనే ఇంకో విస్తరి తెచ్చి పక్కన పరిచాడు.

"కూర్చో. మొదలు నువ్వు తిను. నువ్వు తినకుంటె నాకు దిగదు."

అమ్మ సిగ్గుతో గోడవైపు తిరిగి కూర్చుని, మొదటి ముద్ద పెట్టుకుంది. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఆయనకంటే ముందు ఆమె తినడం అదే మొదటిసారి. అమ్మ ఆ ముద్ద మింగేదాకా చూసి, అప్పుడు బాపు తన విస్తట్లో చెయ్యి పెట్టాడు.