రద్దయిన ఆరో నంబరు

దెయ్యాలంటే నాకు భయం లేదు, విసుగు. పెడనలో మా అమ్మమ్మ ఇంట్లో ప్రతి వేసవికీ ఎవరో ఒకరికి ఏదో ఒకటి కనిపించేది. మా పిన్నికైతే వారానికోసారి. నాకు ఈ ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ఏమీ కనపడలేదు. కనపడలేదని బాధ కూడా లేదు. నా ఉద్యోగం ఇంజనీరింగ్ డ్రాయింగులు గీయడం. అర మిల్లీమీటరు తేడా వస్తే కాగితం వెనక్కి వచ్చే పని. అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే, లోపల దాచుకోలేక రాస్తున్నాను.

గుడివాడలో ఒక వర్క్‌షాపులో పదకొండేళ్ళు పనిచేశాను. పేరు చెప్పను. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్లు తయారుచేస్తారు అక్కడ. డ్రాయింగు మూలన ఒక పట్టిక ఉంటుంది, పార్ట్స్ లిస్టు అంటాం. మెషీన్లో ఉన్న ప్రతి వస్తువుకీ అందులో ఒక ఐటం నంబరు. చెరువు దగ్గర పనిచేసేవాళ్ళకి వస్తువుల పేర్లతో పనిలేదు. "తొమ్మిది అరిగిపోయింది, పంపండి" అని ఫోన్ చేస్తారు. స్టోర్స్‌లో వాళ్ళు లిస్టు చూసి తొమ్మిది ప్యాక్ చేసి బస్సుకి వేస్తారు. అంతే వ్యవహారం.

నాకు ఈ పని నేర్పింది కరీముల్లా మాస్టారు. మా సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్. ఇద్దరిదీ బందరే, రోజూ పొద్దున్నే ఒకే ప్యాసింజరులో గుడివాడ వెళ్ళేవాళ్ళం. చేరిన కొత్తలో మూడు నెలలపాటు నాతో గీతలు గీయించలేదు, ఒట్టి అంకెలు రాయించారు. ఆయన అంకెల్లాగే నా అంకెలు వచ్చేదాకా వదల్లేదు. పాప పుట్టాక ఉద్యోగం మానేయమని మా అత్తగారు పట్టుబడితే, మాస్టారే మా ఇంటికొచ్చి గంటసేపు కూర్చుని ఆవిణ్ణి ఒప్పించారు. మా నాన్న కూడా నాకోసం అంతసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆయనకి ఒక నియమం ఉండేది. మెషీన్లోంచి ఏదైనా వస్తువు తీసేస్తే, దాని నంబరు ఇంకో వస్తువుకి ఇవ్వకూడదు. ఆ వరస అలాగే ఉంచి, ఎదురుగా "రద్దు" అని రాయాలి. కొత్త గేర్‌బాక్సు వచ్చాక ఆరో నంబరు రబ్బరు బుష్‌తో పని లేకపోయింది. నేను తెలివి చూపించబోయి, కింద నంబర్లన్నీ ఒకటి పైకి జరిపి లిస్టు నీటుగా చేసుకొచ్చాను. మాస్టారు చూసి కాగితం అడ్డంగా చింపేశారు.

"ఉషమ్మా, చెరువు గట్టు మీద ఉన్నాడే, మనం ఇక్కడ నంబరు మార్చామని ఆడికేమైనా కలొస్తుందా?" అన్నారు.

అప్పటినుంచి ఆరు ఎదురుగా "రద్దు" అనే ఉంది. మార్చి గీసిన ప్రతిసారినీ రివిజన్ అంటాం, అది మూడో రివిజన్. గీసినవారు అన్న చోట నా పొడి అక్షరాలు యు.ఆర్., సరిచూసినవారు అన్న చోట ఆయనవి.

తర్వాత ఆయన రిటైరయ్యారు. రిటైరైన మూడో నెలలో గుండె ఆగి పోయారు. బందరులో ఆయన జనాజా వెళ్తుంటే ఆడవాళ్ళతో పాటు గుమ్మంలో నిలబడి ఏడ్చాను.

నాలుగు నెలల తర్వాత నాగాయలంక నుంచి కబురు. మా పాత మెషీన్ ఒకదాని దగ్గర నాంచారయ్య అనే పనివాడి చెయ్యి తిరిగే షాఫ్టులో పడింది. కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. షాఫ్టు మీద కప్పే ఇనుప గార్డు ఉప్పునీళ్ళకి తుప్పుపట్టి ఊడిపోతే, కొత్తది పంపమని రెండుసార్లు ఫోన్ చేశాడట. రెండుసార్లూ స్టోర్స్‌వాళ్ళు ఆయిల్ సీలు పంపారు. చెరువులో రొయ్య గాలి అందక పైకి తేలుతుంటే, గార్డు లేకుండానే మెషీన్ వేశాడు.

లిస్టు తెరిచి చూశాను. నాకు తెలియకుండా నాలుగో రివిజన్ ఒకటి ఉంది. ఆరో వరస లేదు. కింద నంబర్లన్నీ ఒకటి పైకి జరిగాయి. పద్నాలుగుగా ఉన్న గార్డు పదమూడైంది, పదిహేనుగా ఉన్న ఆయిల్ సీలు పద్నాలుగైంది. గీసినవారు యు.ఆర్. సరిచూసినవారు అన్న చోట ఖాళీ. అంతకుముందు ఆర్నెల్లూ కొత్త మోడల్ పనిలో మునిగి ఆ ఫైలు నేను తెరవనే లేదు.

ఓనరు నన్ను పిలిచి టైపు చేసిన కాగితం ఒకటి ముందు పెట్టారు. నా పొరపాటువల్లే నంబర్లు మారాయనీ, బాధ్యత నాదేననీ అందులో ఉంది. సంతకం చేస్తే ఉద్యోగం పోవడమే కాదు, ఒక మనిషి వేళ్ళు నా మీద పడతాయి. వారం గడువు అడిగాను.

నా పక్క సీటు ప్రసాదే చేసుంటాడని తీర్మానించుకున్నాను. నా కంప్యూటర్ పాస్‌వర్డు తెలిసింది వాడికే. మా అమ్మ కంటి ఆపరేషన్‌కి నేను సెలవు పెట్టిన రోజుల్లో నా సీట్లో ఉన్నదీ వాడే. నా క్యారేజీలో అన్నం తిని నాకే ద్రోహం చేశావా అని అందరి ముందూ కడిగేశాను. "నేను కాదక్కా, మా పాప మీద ఒట్టు" అన్నాడు. నమ్మలేదు. నాలుగో రోజు ఉద్యోగం మానేశాడు.

నాంచారయ్యని చూడకుండా ఆ కాగితం గురించి ఆలోచించలేకపోయాను. తప్పెక్కడ జరిగిందో ఆయనకి చూపించాలని నాలుగో రివిజన్ ప్రింటు ఒకటి అప్పటికప్పుడు తీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బ్యాగులో వేసుకుని బస్సెక్కాను. ప్రింటర్లోంచి వచ్చిన కాగితం నా చేత్తోనే తీశాను, మడిచాను. బ్యాగు ఒళ్ళోనే ఉంది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానో మీకే తెలుస్తుంది.

మధ్యాహ్నం పన్నెండు గంటల ఎండ. నాంచారయ్య వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతికి కట్టు. నా మీద అరుస్తాడనుకున్నాను, అరవలేదు.

"నేను పద్నాలుగనే చెప్పానమ్మా. ఏళ్ళ తరబడి పద్నాలుగంటే అదేగా. మీరు మార్చుకున్నారని నాకెట్టా తెలుస్తది?" అన్నాడు.

కవర్లోంచి కాగితం తీసి ఆయన ముందు పరిచాను.

"ఈ ఎర్రగీతలేందమ్మా?" అన్నాడాయన. ముందు చూసింది ఆయనే, నేను కాదు.

లిస్టు మీద ఎర్ర పెన్సిల్‌తో ఐదుకీ తర్వాతి వరసకీ మధ్య ఒక గీత, దాని పక్కన 6, రద్దు. కింద ప్రతి నంబరూ కొట్టేసి పాత నంబరు. గార్డుకి 14. కింద గీసినవారు అన్న చోట యు.ఆర్. కొట్టేసి ఉంది. పక్కన ఎస్.కె. షేక్ కరీముల్లా. మాస్టారు పెట్టే పొడి అక్షరాలు అవి.

అంకెలు ఆయనవే. నావి కావని ఎలా చెప్పగలనంటే, చివరి ఏడాది షుగరు ఎక్కువై ఆయన చెయ్యి వణికేది. నాలుగు అంకె నిలువుగీత కిందికొచ్చేసరికి కొంచెం వంకర తిరిగేది. ఈ నాలుగులన్నీ వంకరగానే ఉన్నాయి. వేలితో రుద్దితే ఎర్రపొడి అంటుకుంది.

ఎవరో ఆట పట్టిస్తున్నారనుకున్నాను, నిజంగానే. మర్నాడు ఆఫీసులో ఇంకో ప్రింటు తీసి, రెండువైపులా తిప్పి చూసి, నా సొరుగులో పెట్టి తాళం వేశాను. తాళంచెవి కొంగున ముడేసుకుని భోజనానికి వెళ్ళాను. అరగంట తర్వాత తీస్తే అదే. ఆరు, రద్దు, వంకర నాలుగులు, ఎస్.కె. మూడో ప్రింటు తీసి కళ్ళు ఆర్పకుండా చూస్తూ కూర్చున్నాను. చాలాసేపు ఏమీ లేదు. ఎవరో పిలిస్తే తల తిప్పాను. మళ్ళీ చూసేసరికి ఉంది.

భయం వేయలేదు. భయం కంటే ముందు వేరే ఆలోచన వచ్చింది. నా పేరు కొట్టేసి ఆయన పేరు ఎందుకు రాసినట్టు?

అప్పుడు చూశాను, మొదటిరోజే చూడాల్సింది. ఆ ఫైలు చివరిసారి ఏ కంప్యూటర్ మీద, ఎప్పుడు సేవ్ అయిందో అందులోనే ఉంటుంది. మాస్టారి టేబుల్ మీది కంప్యూటర్. ఆయన రిటైరవడానికి మూడు రోజుల ముందు, నేను ఆసుపత్రిలో అమ్మ పక్కన ఉన్న రోజు. ప్రసాద్‌ని తిట్టేముందు ఇది చూడాలని కూడా నాకు తోచలేదు, ఎందుకంటే మాస్టారిని అనుమానించాలని తోచలేదు.

ఎర్రగీతల ప్రింటు పట్టుకుని ఓనరు దగ్గరకు వెళ్ళాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది నీ చేతిరాతేగా ఉషా," అన్నారు.

నిజమే మరి. ఎవరు చూసినా అదే అంటారు. ఆ అంకెలు నాకు నేర్పింది ఆయనే కదా. వంకర నాలుగు గురించి చెప్పబోయి ఊరుకున్నాను. ఫైలు మాస్టారి కంప్యూటర్‌లో ఎందుకు సేవ్ అయిందో మాత్రం చెప్పండి అన్నాను. దాచకుండానే చెప్పారు.

"అడిగింది నేనేనమ్మా. కొనేవాళ్ళ ఇంజనీర్లు లిస్టు మధ్యలో ఈ రద్దు ఏంటని అడిగారు. తీసేయమన్నాను. మాస్టారు కుదరదన్నారు. రెండు రోజులు పోయాక ఆయనే చేసి తెచ్చారు. నీ పేరు పెట్టమని నేను చెప్పలేదు. ఇట్టాంటి లిస్టు కింద నా పేరు ఉండకూడదండీ, ఉషమ్మ పేరు పెట్టేశాను అన్నారు."

అంతా తెలిసే ఓనరు నాతో సంతకం చేయించబోయారు. అంతకంటే మాస్టారి మీద నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పని తెలిసే చేశారు. నంబరు మారిస్తే దెబ్బ ఎవరికి తగులుతుందో నాకు నేర్పిన మనిషి, తన పేరుకి మచ్చ రాకూడదని నా పేరు వాడుకున్నారు. వేరేవాడి పేరు పెట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు. నేను ఏమీ అననని ఆయనకి తెలుసు, అందుకే నా పేరు.

సంతకం చేయలేదు. ఉద్యోగం వదిలేశాను. ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని వాళ్ళకీ వీళ్ళకీ డ్రాయింగులు గీసిస్తున్నాను. ప్రసాద్‌కి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తడం లేదు, ఎత్తకపోవడమే న్యాయం. వర్క్‌షాపులో నాలుగో రివిజన్ కింద ఇవాళ్టికీ ఉన్నది నా పేరే. నాంచారయ్యకి మాత్రం మళ్ళీ వెళ్ళి, మార్చింది ఎవరో చెప్పి వచ్చాను. చచ్చిపోయిన మనిషిని అనకూడదేమో, అయినా చెప్పాను.

ఆ ఎర్రగీతలు ఎలా వచ్చాయో నాకు తెలియదు. ఇద్దరు ఇంజనీర్లకి చూపించాను, వాళ్ళూ నా వైపే అనుమానంగా చూశారు. పోయినవాళ్ళు వచ్చి తప్పు ఒప్పుకుంటారని ఇప్పటికీ నమ్మను. నమ్మితే, బతికుండగానే ఎందుకు చెప్పలేదని కూడా అడగాల్సి వస్తుంది. రిటైరయ్యాక ఆ మూడు నెలల్లో మాస్టారు నాకు నాలుగుసార్లు ఫోన్ చేశారు. ప్రతిసారీ "పని ఎట్టా ఉంది ఉషమ్మా, అంతా బాగానే ఉందా" అని అడిగారు. బాగానే ఉందండీ అన్నాను. అవతల కాసేపు ఏమీ వినపడేది కాదు. తర్వాత ఆయనే ఫోన్ పెట్టేసేవారు.