కుళ్ళవలసిన రొయ్యలు

ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరంలో నా ప్రాజెక్టు లవంగనూనె మీద. యానాం నుంచి కాకినాడ కాలేజీకి రోజూ బస్సులో వెళ్ళివచ్చేదాన్ని. లవంగనూనెకు సూక్ష్మజీవులను చంపే గుణం ఉంది కానీ అది నీళ్ళలో కలవదు, పైకి తేలిపోతుంది. తిన్నగా రొయ్యల మీద పోస్తే ఆ ఘాటుకి ఎవరూ తినలేరు. అందుకని దాన్ని నీళ్ళలో వేసి, ధ్వని తరంగాలతో పనిచేసే యంత్రంతో కంటికి ఆననంత చిన్న బొట్లుగా విడగొట్టేవాళ్ళం. అంత చిన్నవాటినే నానో అంటారు. అప్పుడు కాస్త నూనే రొయ్య ఒంటినిండా పరుచుకుంటుంది, రుచి చెడదు. మా బజారులో ఎండ ముదిరేసరికి మెత్తబడిపోయే రొయ్యలు ఇంకొంతసేపు నిలబడతాయని నా ఆశ.

పొద్దున్నే అమ్మ బజారుకి వెళ్ళి రొయ్యలు తెచ్చి, తొక్క తీసి, స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చేది. ల్యాబులో వాటిని రెండు వాటాలు చేసి, ఒక వాటాను నా మందులో ముంచేదాన్ని. రెండోది ఉత్తగా ఉంచేదాన్ని. ఉత్తవి ముందు కుళ్ళాలి, ముంచినవి నిలవాలి. ఆ తేడాయే నా ప్రాజెక్టు.

తేడా రాలేదు. ఎన్నిసార్లు చేసినా ఉత్త రొయ్యలు కూడా ఫ్రిజ్‌లో తాజాగా కూర్చునేవి. మా సారు రెండు డబ్బాలూ మార్చి మార్చి వాసన చూసి, "ఏమ్మా, నీ లవంగనూనె కన్నా మీ యానాం గాలే గొప్పగా ఉందే!" అన్నారు. అందరూ నవ్వారు. నేను తల వంచుకున్నాను. వచ్చే రివ్యూలో తేడా చూపించలేకపోతే టాపిక్ మార్చుకోమన్నారు. అంటే ఇంకో ఏడాది. చదువు ఆపేసి ఏదైనా బడిలో చేరమని నాన్న అప్పటికే అంటున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం వద్దన్నాను. అమ్మ వదల్లేదు.

"ఏవైందే? రొయ్యలు పాడైపోయాయా?"

"పాడవ్వట్లేదమ్మా. అదే ఏడుపు."

"బాగుంటే ఏడవడమేంటే?"

"సగం కుళ్ళాలి. మందు లేనివి కంపు కొట్టాలి. అప్పుడే మందు పనిచేసినట్టు."

అమ్మ చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. "కుళ్ళాలా? మరి ముందే చెప్పద్దూ! ఉప్పేసి, నిమ్మకాయ పిండి, నీచు పోయేదాకా తోమి తోమి కడిగి ఇస్తన్నాను కదే!"

"తొక్క తీస్తే చాలన్నాను కదమ్మా!"

"అన్నావులే. నీచు కంపుతో సారు ముందు పెడతావా? ఈ పిల్ల ఇంట్లో ఆడోళ్ళకి రొయ్యలు కడగడం రాదనుకోరూ?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఉప్పూ నిమ్మరసమూ నాకంటే ముందే సూక్ష్మజీవుల పని పట్టాయి. మందు వేసినవాటికీ వేయనివాటికీ ఇక తేడా ఎక్కడిది? కంచం దగ్గరికి లాక్కున్నాను.

ఇది సారుకి చెప్పాలి. మర్నాడు బస్సు దిగేదాకా ఆ నాలుగు మాటలే మనసులో వల్లె వేసుకున్నాను. తీరా ఎదుట నిలబడితే, "మా అమ్మ కడిగేసిందండి" అని మాత్రమే అనగలిగాను. ఆయన ప్రశ్న మీద ప్రశ్న వేసి మిగతాదంతా రాబట్టారు. "ఇన్నాళ్ళూ నాచేత ఆ నూనెని తిట్టించావు కదమ్మా! ఇంకోసారి చెయ్యి. ఈసారి కడక్కుండా పట్రా," అన్నారు.

అమ్మ కడగకుండానే డబ్బా ఇచ్చింది కానీ మనసొప్పలేదు. "మా అమ్మకి కడగడం వచ్చు, నేనే వద్దన్నానని సారుకి చెప్పు" అంది. ఆ రోజు బస్సు ఆలస్యమైంది. పక్కన కూర్చున్నావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఏంటమ్మాయ్, గోదారిని సంచిలో పెట్టుకొచ్చేవా?" అంది. మామూలుగా అయితే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆ రోజు మాత్రం సంచిని ఒళ్ళో ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాను.

కొన్నాళ్ళు ఫ్రిజ్‌లో ఉంచి, రివ్యూకి ముందు సారు ఉత్త రొయ్యల డబ్బా తెరిచారు. "అబ్బో!" అని చటుక్కున మూత పెట్టేశారు. తర్వాత మందులో ముంచినవి తెరిచారు. భయం భయంగా వంగి, ఇంకా దగ్గరకు వంగి, ఒక రొయ్యను వేలితో నొక్కి చూశారు. గట్టిగానే ఉంది.

"టాపిక్ మార్చక్కర్లేదమ్మా. రాయడం మొదలుపెట్టు," అన్నారు.

తలూపాను. ఆ సాయంత్రం కిటికీ పక్కన సీటు దొరికింది. ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. తాళ్ళరేవు దాటాక, యానాం వచ్చేస్తోందని కండక్టరు లేపితే గానీ మెలకువ రాలేదు.